నోటికి రాని పాటలు

మా కాలేజీ ప్రార్థన కూడికలో నా పని తెర మీద పాట మాటలు చూపించే స్లైడ్లు మార్చడం. ఫస్టియర్‌లో మొదలుపెట్టాను, ఇప్పుడు మూడో ఏడు. ముందువైపు ఎడమ గోడవారన ఒక బల్ల ఉంటుంది. దాని మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. పాట నడిపించేవాళ్ళు చాలాసార్లు కళ్ళు మూసుకుంటారు. నేను మూసుకోవడానికి వీల్లేదు. అందుకని కూడికలో అందరి ముఖాలూ మొదటినుంచి చివరిదాకా చూసేదాన్ని నేనే.

అలా చూడగా చూడగా నాకు తెలిసిన సంగతి ఒకటుంది. స్లైడ్ మార్చడం ఒక్క క్షణం ఆలస్యమైతే పాట ఆగిపోతుంది. గిటార్ ఆగదు, కీబోర్డ్ ఆగదు, మైకు పట్టుకున్నవాళ్ళ గొంతూ ఆగదు. కూర్చున్న 80 మంది గొంతు ఆగిపోతుంది. అది పది వారాలుగా పాడుతున్న పాటే అయినా సరే.

చాలాకాలం దీన్ని నా తప్పుగానే అనుకున్నాను. చెయ్యి ఇంకొంచెం చురుగ్గా ఉంటే సరిపోతుందనుకున్నాను. ఆ పని బాగా నేర్చుకుందామనే పోయిన నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన ఒక వర్షిప్ కాన్ఫరెన్స్‌కి వెళ్ళాను. అక్కడ నేర్చుకోవాల్సింది నేర్చుకున్నాను. కానీ తిరిగొచ్చాక నాకు అర్థమైంది వేరు. మన కూడికల్లో పాటలు పెరుగుతున్నాయి, నోటికి వచ్చిన పాటలు తగ్గుతున్నాయి. ఇది జనం సోమరితనం కాదు. ఆరాధన నడిపించేవాళ్ళం, అందులోనూ తెర నడిపించే నాలాంటివాళ్ళం, తెలియకుండా చేస్తున్న పని ఇది. దీన్ని మనమే ఆపాలి. ఈ వ్యాసం అందుకే రాస్తున్నాను.

ఒంగోలులో రాత్రి సింహపురి ఎక్కి తెల్లారేసరికి సికింద్రాబాద్ చేరాం. ఆరుగురు విద్యార్థులం, మాకు తోడుగా ఫెలోషిప్ అక్క. విద్యార్థులకి ఫీజు తగ్గించారు, మిగిలింది సంఘంలో పెద్దలు వేసుకున్నారు. అమ్మ పులిహోర కట్టిచ్చింది. దేవుని సన్నిధికి మూటాముల్లె కట్టుకుని దూరం వెళ్ళడం మా ఇంట్లో కొత్త కాదు. హైదరాబాద్‌లోని హెబ్రోను మందిరంలో సువార్తికుడు బక్త్ సింగ్ గారి పరిశుద్ధ సమావేశాలకి వెళ్ళి, చాపల మీద పడుకుని, వరుసల్లో కూర్చుని భోంచేసి వచ్చిన సంగతులు మా తాతయ్య చెబుతుంటే విన్నాను. నేను చూసిన హాలు వేరు. వెయ్యి మందికి పైగా జనం, వేదిక వెనక గోడంత ఎల్‌ఈడీ తెర, బేస్ కొడితే గుండెల్లో దడ.

మొదటి రాత్రి నేను ఏడ్చాను. సెమిస్టర్‌లో ఒక సబ్జెక్ట్ పోయింది, నాన్నకి ఒంట్లో బాగుండటం లేదు, ఆ టెన్షన్ అంతా లోపల పెట్టుకుని వెళ్ళాను. నువ్వు ఒంటరిదానివి కాదు అనే అర్థం వచ్చే ఒక మాటని అంతమంది కలిసి మళ్ళీ మళ్ళీ పాడుతుంటే నిలబడలేకపోయాను. అదంతా లైట్లూ సౌండూ పుట్టించే ఉద్రేకం అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. ఆ రాత్రి నాన్న కోసం చేసిన ప్రార్థన అంతకుముందెప్పుడూ అంత నిజంగా చేయలేదు. ఇకముందు నేను చెప్పబోయేదంతా ఆ రాత్రిని తక్కువ చేయడానికి కాదు. ఆ రాత్రి పాడిన పాట నాతో ఎందుకు ఇంటికి రాలేదన్నదే నా బాధ.

పగలు తరగతులు. పాడేవాళ్ళకి, కీబోర్డ్‌కి, డ్రమ్స్‌కి, సౌండ్‌కి, మీడియాకి వేర్వేరుగా. నేను మీడియా తరగతిలో కూర్చున్నాను. చెప్పిన అన్నకి పని బాగా తెలుసు. ఒక స్లైడ్‌లో రెండు లైన్లు, మహా అయితే నాలుగు. లైను ఎక్కడ విరవాలో వ్యాకరణాన్ని బట్టి కాదు, ఊపిరి తీసుకునే చోటుని బట్టి చూసుకోవాలి. పాత స్లైడ్‌లో చివరి మాట మొదలవుతుండగానే కొత్త స్లైడ్ పడాలి, అయిపోయాక కాదు. తెలుగులో కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి ఇంగ్లీషుకి పెట్టినంత దగ్గరగా లైన్లు పెడితే ఒకదానికొకటి తగులుకుంటాయి. యూనికోడ్‌కి ముందునాటి ‘అను’ అనే తెలుగు ఫాంట్లలో కొట్టిన పాటల్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఏ అక్షరాలు చెడతాయో కూడా చూపించారు. మా కూడిక ఫైళ్ళలో నాకు రెండేళ్ళుగా అంతుపట్టని తప్పులన్నిటికీ కారణం అక్కడ దొరికింది.

తర్వాత ఆయన, మీ సంఘాల్లో తెలుగు చదవలేని పిల్లలు ఉన్నారా అని అడిగారు. దాదాపు అందరూ చేతులెత్తారు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళు, తెలుగు బదులు వేరే భాష తీసుకున్నవాళ్ళు. వాళ్ళ కోసం తెలుగు లైను కింద అదే మాటని ఇంగ్లీషు అక్షరాల్లో వేయమన్నారు. నేను రాసుకున్నాను. మా చిన్నాన్న కొడుకు హైదరాబాద్‌లోనే పెరిగాడు. తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవడం రాదు. అలా రాసుకుంటుంటే నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెకీ చదవడం రాదు. కానీ ఆమె కోసం తెర మీద ఏ అక్షరాలు వేయాలి?

చివరి సాయంత్రం ఒక కొత్త పాట మధ్యలో తెర మీద వేరే చరణం పడింది. అది ఎవరి చేతుల్లోనైనా జరుగుతుంది. సరిచేయడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. ఆ కాస్తలోనే హాలు మూగబోయింది. వేదిక మీద పాట సాగుతూనే ఉంది, కిందనున్న వెయ్యి మందిలో ఎవరి నోటా మాట లేదు. అందరూ తలెత్తి తెర వైపు చూస్తున్నారు. ప్రతి వారం మా చిన్న గదిలో నేను చూసేదే, ఇక్కడ పెద్ద హాలులో చూశాను.

తర్వాత పాట ఒక పాత కీర్తన. నేను అలవాటు కొద్దీ ముఖాలు చూశాను. వయసు మళ్ళినవాళ్ళెవరూ తెర చూడటం లేదు. మా వరుసలో ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని, తొడ మీద తాళం వేసుకుంటూ, చరణం తర్వాత చరణం అలా పాడుకుంటూ పోతున్నాడు. ఆయన పక్కన నేను తెర చూసి పాడుతున్నాను. మూడు రోజుల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఆ పెద్దాయన ముఖమే.

నా నోట్‌బుక్‌లో పాటల పేర్లన్నీ రాసుకున్నాను. మూడు రోజుల్లో 41 పాటలు పాడాం.

తిరిగొచ్చిన ఆదివారం ఊరెళ్ళాను. సాయంత్రం నాయనమ్మ నులక మంచం మీద కూర్చుని, “అంత దూరం పోయొచ్చావు గదా, ఏం పాటలు పాడిచ్చారు? ఒకటి పాడు తల్లీ” అంది. నన్ను ఏడిపించిన పాటనే ఎత్తుకున్నాను. పల్లవి రెండు లైన్లు వచ్చాయి. మూడో లైను రాలేదు. రాగం తెలుసు, మాట లేదు. ఇంకో పాట మొదలుపెట్టాను, అదీ అంతే. ఫోన్ తీశాను.

“ఫోన్లో చూసి పాడేదానికి నువ్వెందుకమ్మా, దాన్నే పెట్టు, వింటాను” అంది నాయనమ్మ.

ఎగతాళికి అన్న మాట కాదు. మనవరాలికి ఎందుకు శ్రమ అనుకుంది. కానీ నాకు ఆ మాట చాలా లోతుగా దిగింది. ఆ 41 పాటల్ని నేను పాడలేదు, చదివాను. కళ్ళతో చదివి గొంతుతో వదిలేశాను.

నాయనమ్మకి ఎన్ని పాటలు వచ్చో లెక్కేద్దామని సంక్రాంతి సెలవుల్లో నేనూ మా చెల్లీ కూర్చున్నాం. మూడు సాయంత్రాలు పట్టింది. అన్ని చరణాలతో సహా వచ్చినవి 112. ఆమె బడికి వెళ్ళలేదు, వేలిముద్ర వేస్తుంది. కొన్ని వాళ్ళమ్మ దగ్గర మిరపకాయల కోతల్లో నేర్చుకుంది, కొన్ని ఊళ్ళో ఉపదేశి (సంఘంలో వాక్యం చెప్పే ఆయన) రాత్రిపూట లాంతరు పెట్టి ఒక్కో లైను చెప్పి చెప్పించినవి. ఒక లైను వచ్చేదాకా రెండో లైను చెప్పేవాడు కాదట.

ఆ సెలవుల్లోనే నాయనమ్మ వాళ్ళక్క పోయింది. రాత్రి శవం దగ్గర ఆడవాళ్ళు పాటలు పాడుతూ కూర్చున్నారు. పదింటికి మొదలుపెట్టి తెల్లవారిందాకా. పుస్తకం లేదు, ఎవరూ నడిపించడం లేదు. ఒకరు అలిసిపోతే ఇంకొకరు అందుకుంటున్నారు. చనిపోయినామె కూతురు ఏడుస్తూ ఏడుస్తూ మధ్యలో ఒక చరణం అందుకుని పాడేది, మళ్ళీ ఏడ్చేది. ఆ పాట ఆమెని లేపి కూర్చోబెట్టడం నేను చూశాను. పన్నెండు దాటాక ఒక పెద్దమ్మ, “మీరు కూడా ఏదైనా ఎత్తుకోండమ్మా” అని మా ఆడపిల్లల వైపు చూసింది. మేం నలుగురం. నలుగురం ఫోన్లు తీశాం. ఏ పాటా చివరిదాకా నిలబడలేదు. చరణం కోసం వేలితో పైకి కిందకి జరుపుతుంటే పాట తెగిపోయేది. రెండు పాటల తర్వాత పెద్దవాళ్ళే మళ్ళీ అందుకున్నారు.

ఆ రాత్రి నాకు భయం వేసింది. ఇంకో ముప్పై ఏళ్ళకి మా ఇళ్ళలో ఎవరైనా పోతే ఆ రాత్రిని పాటలతో తెల్లవారేదాకా మోసేవాళ్ళెవరు?

మా ప్రాంతానికి ఈ పాటలు ఎలా వచ్చాయో గుర్తుచేసుకుంటే ఇది ఇంకా బరువుగా అనిపిస్తుంది. మా ఊరికి దగ్గర్లో, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంతకు ముందు రెండేళ్ళు దారుణమైన కరువు. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ బకింగ్‌హాం కాలవలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకి ఆ పని చూపించాడు. కరువు నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని. నీళ్ళలోకి దిగినవాళ్ళలో మాదిగ పల్లెలవాళ్ళే ఎక్కువ, అక్షరం ముక్క రానివాళ్ళే ఎక్కువ. మా పూర్వీకులు అలాంటివాళ్ళే. వాళ్ళకి బైబిలు ఇస్తే చదవలేరు. మరి వాళ్ళ విశ్వాసం దేని మీద నిలబడింది? చెవితో విని నోటితో పట్టుకున్న వాక్యం మీద, పాట మీద. వాళ్ళకి పాట ప్రసంగానికి ముందు కాసేపు పాడుకునేది కాదు. పాటే వాళ్ళ బైబిలు, అదే వాళ్ళ బడి.

కీర్తనలు రాసినవాళ్ళకి ఈ సంగతి తెలుసు. పర్లాకిమిడి దగ్గర 1803లో పుట్టి 1890 దాకా బతికిన పురుషోత్తమ చౌదరి గారు ఈ నేల రాగాల్లో, తాళాల్లో కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీస్తే ఇప్పటికీ పాటల మీద రాగం, తాళం పేర్లు వేసి ఉంటాయి. పల్లవి తిరిగి తిరిగి వస్తుంది. ప్రాస ఉండటం వల్ల ఒక పాదం రెండో పాదాన్ని లాక్కొస్తుంది. చరణాలు ఒక కథ వరుసలో నడుస్తాయి కాబట్టి తర్వాతిది ఏదో మనసుకి తెలుస్తుంది. ఇవన్నీ చూడకుండా పాడేవాళ్ళ కోసం చేసిన ఏర్పాట్లు. ఇప్పటి పాటల్లో చాలావాటికి ఈ పట్టు ఉండదు. చరణంలో లైన్లు ఏ వరుసలో ఉన్నా ఒకటే అనిపిస్తుంది. తెర ఉంది కదా అన్న భరోసాతో రాసినట్టుంటాయి. అందరూ అలా రాస్తున్నారని కాదు. మంచి పల్లవి, గట్టి ప్రాస ఉన్న కొత్త పాటలు కూడా ఆ మూడు రోజుల్లో విన్నాను.

బైబిల్లో కూడా ఇదే కనబడుతుంది. ద్వితీయోపదేశకాండం 31లో దేవుడు మోషేని పాట రాయమని ఊరుకోలేదు. దాన్ని ప్రజలకి నేర్పమన్నాడు, కంఠపాఠం చేయించమన్నాడు, వాళ్ళ సంతానం నోట కూడా అది మరుపు లేకుండా ఉంటుందన్నాడు. 119వ కీర్తనలో 176 వచనాలు. హెబ్రీలో ఉన్న 22 అక్షరాల వరుసలో, ఒక్కో అక్షరంతో ఎనిమిదేసి వచనాలు మొదలవుతాయి. మన తెలుగు బైబిల్లో ఆలెఫ్, బేత్, గీమెల్ అని పైన వేసి ఉండేది అందుకే. అంత పొడుగు కీర్తనని కూడా జ్ఞాపకం పెట్టుకోవడానికి వీలుగా కట్టారు. ఫిలిప్పీలో పౌలు, సీల జైల్లో అర్ధరాత్రి పాడారు. కాళ్ళు కొయ్య బొండలో బిగించి ఉన్నాయి, లోపలి చెర చీకటి. అక్కడ వాళ్ళ దగ్గరున్నది లోపల దాచుకున్నదే.

మనం మాత్రం ఆదివారం బడిలో పిల్లలకి బంగారు వాక్యం కంఠతా పెట్టిస్తాం, చెప్పినవాళ్ళకి బహుమతి ఇస్తాం. పాట దగ్గరికొచ్చేసరికి ఆ పట్టింపు వదిలేశాం.

ఫెలోషిప్‌లో ఈ మాట ఎత్తినప్పుడు నాకు ఎదురొచ్చిన ప్రశ్నలు న్యాయమైనవే. మొదటిది, కొత్తగా వచ్చినవాళ్ళ సంగతేమిటని. మా కూడికకి క్రైస్తవ కుటుంబాలవి కాని పిల్లలు కూడా వస్తారు. ఒక్క పాటా తెలియదు. తెర లేకపోతే వాళ్ళు బయటివాళ్ళలా నిలబడిపోతారు. అది నిజం. నేను తెర తీసేయమనడం లేదు. చెవులు వినబడని ఒక తమ్ముడు మా కూడికకి వస్తాడు, అతనికి ఆ తెరే పాట. కానీ కొత్తవాళ్ళని ఎప్పటికీ కొత్తవాళ్ళలాగే ఉంచడం కూడా మంచిది కాదు. ఏడాదిగా వస్తున్న ఒక అమ్మాయిని అడిగితే చూడకుండా ఒక్క పాట కూడా రాదంది. మూడేళ్ళుగా వస్తున్న నాదీ అదే పరిస్థితి.

రెండో ప్రశ్న, పాత రోజుల్లో కూడా పుస్తకం చూసే పాడేవాళ్ళు కదా అని. అవును. కానీ పుస్తకం ఇంటికి వచ్చేది, దిండు కింద ఉండేది, పేజీ మడత పెట్టి ఉండేది. నా స్లైడ్ ఎవరి ఇంటికీ వెళ్ళదు. యూట్యూబ్ వెళ్తుంది. అయితే దాంట్లో వేరేవాళ్ళు పాడుతుంటే మనం వింటాం.

మూడోది మా కీబోర్డ్ అన్న అడిగాడు. నోటికొచ్చిన పాటని మనసు పెట్టకుండా పాడేస్తారు, అది మంచిదా అని. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా ఊరి సంఘంలో పాట ఒకవైపు, చూపు ఒకవైపు ఉన్నవాళ్ళని చూశాను. కానీ ఆ రాత్రి శవం దగ్గర చూసింది వేరు. అలవాటుగా పాడిన వందసార్లూ ఆ ఒక్క రాత్రి కోసం దాచినట్టుంది. మనసు పనిచేయని గంటలో నోరు పాడింది, దాని వెనకే మనసు వచ్చింది.

ఫిబ్రవరి నుంచి మా కూడికలో చిన్న మార్పు చేశాం. నెలకి ఒకటే కొత్త పాట. మొదటి వారం తెర లేకుండా ఒక్కో లైను చెప్పి చెప్పించడం, ఉపదేశి లాగా. రెండు, మూడు వారాలు స్లైడ్లతో. నాలుగో వారం పల్లవి వేసి చరణాలకి తెర ఖాళీగా ఉంచడం. చెవులు వినబడని తమ్ముడికి పాట ముందే కాగితం మీద రాసిస్తున్నాం. మొదటిసారి తెర ఖాళీ చేసినప్పుడు వెనకనుంచి, “అక్కా, స్క్రీన్ పోయింది” అని ఒకరు అరిచారు. రెండో చరణంలో సగం గది సణుగుడులో పడిపోయింది. నడిపిస్తున్న అన్న నొచ్చుకున్నాడు. ఆత్మలో లీనమయ్యే సమయంలో ఈ పరీక్షలేమిటి అన్నాడు. ఆయన బాధ నాకు అర్థమైంది. రెండో నెల కొంచెం నయం. మూడో నెల పాట చరణాలతో సహా గదిలో చాలామందికి వచ్చింది. నేను లాప్‌టాప్ మీదనుంచి చేతులు తీసి, కూడికలో మొదటిసారి కళ్ళు మూసుకుని పాడాను. ఇంకా సర్దుకోని విషయాలున్నాయి. నెలకి ఒకటి మరీ తక్కువని పాడేవాళ్ళలో ఇద్దరికి అసంతృప్తి ఉంది. వాళ్ళు కాన్ఫరెన్స్‌లో నేర్చుకున్న పాటలు ఎప్పుడు పాడాలి మరి? ఆ పాటల్లో రెండు నాకూ చాలా ఇష్టం. వరుసలో పెట్టాం.

కాన్ఫరెన్స్‌లు జరిపేవాళ్ళని నేను అడిగేది ఒక్కటే. మూడు రోజుల్లో 41 పాటలు వినిపించండి, పర్వాలేదు. వాటిలో రెండు మాత్రం తీసుకుని, మూడు రోజులూ నేర్పి, చివరి రాత్రి తెర ఆపి పాడించండి. మా ఆరుగురం ఆ రెండూ మా ఊళ్ళకి మోసుకొచ్చేవాళ్ళం. రైల్లోనే పాడుకునేవాళ్ళం.

నేను మాత్రం నాయనమ్మ దగ్గర నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఊరెళ్ళినప్పుడల్లా ఒకటి. మొన్న ఒక కీర్తన ఎత్తుకున్నాను, మా కూడికలో అప్పుడప్పుడూ పాడేదే, స్లైడ్ నేను చేసిందే. “కరుణల వేళ” అని పాడుతుంటే నాయనమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది.

“ఏందమ్మా ఆ మాట? వేళ కాదు. కరుణాలవాలా.”

స్లైడ్‌లో వేళ అనే ఉందన్నాను. నెట్‌లో దొరికిన సాహిత్యాన్ని తెచ్చి మూడేళ్ళ కిందట నేనే పెట్టాను. ఆలవాలం అంటే ఏమిటి నాయనమ్మా అని అడిగాను. ఆమె పెరట్లో కొబ్బరిచెట్టు వైపు చెయ్యి చూపించింది.

“పాదమ్మా. చెట్టు చుట్టూ తవ్వుతామే, నీళ్ళు నిలవటానికి, ఆ పాదు. దేవుడి దగ్గర కరుణ అట్టా నిలిచుంటదని. మాకు ఉపదేశి అదే చూపిచ్చి చెప్పాడు.”

హాస్టల్‌కి రాగానే ఫైల్ తెరిచి ఆ మాట సరిచేశాను. రెండో చరణం ఇంకా నోటికి రాలేదు. వచ్చే ఆదివారం మళ్ళీ ఊరెళ్తున్నాను.